పాతాళ కాపరి పాఠకురాలు

ఆళ్లగడ్డలో జాకెట్టు గుడ్డ కావాలంటే ఆడవాళ్లు శ్రీనివాసులు మ్యాచింగ్ సెంటరుకే వచ్చేవారు. వచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శ్రీనివాసులును దాటుకుని నేరుగా లోపలికి పోయి అతని చెల్లెలు ప్రభావతి ముందు చీర పరిచేవారు. ఆమె చీర అంచును రెండు వేళ్లతో పట్టుకుని ట్యూబులైటు కింద ఒకసారి, గడప దగ్గర ఎండలో ఒకసారి చూసి, గోడ నిండా పేర్చిన తానుల్లోంచి ఒకటి లాగేది. ఊళ్లో పెళ్లిళ్లు, శ్రీమంతాలు, గృహప్రవేశాలు అన్నీ ముందు ఆమె చేతి మీదుగానే పోయేవి. పిలుపులు మాత్రం అన్నా వదినలకు వచ్చేవి. అందులో ఆమె కూడా ఉన్నట్టే అని అందరూ అనుకునేవారు. తానూ మొదట్లో అలాగే అనుకుని ఒకటి రెండు పెళ్లిళ్లకు వెళ్లింది, తర్వాత మానేసింది.

ఆమెకు యాభై దగ్గర పడుతోంది. పెళ్లి కాలేదు. వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు సంబంధం ఒకటి తాంబూలాల దాకా వచ్చింది. ఆ నెలలోనే తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ముహూర్తం ఒకసారి వాయిదా వేశారు, మరోసారి వేశారు, ఆ తర్వాత అవతలివాళ్లు కబురు పంపడం మానేశారు. పోట్లాట ఏమీ జరగలేదు. తల్లి అలాగే మంచం మీద చాలా ఏళ్లు బతికింది. ఆమె పోయాక ఆ గది ప్రభావతికి వచ్చింది. మంచం తీసేసి చాప వేసుకుంది.

వదిన నిర్మల కొత్త ఫోను కొనుక్కుని పాతది ఈమెకు ఇచ్చింది. అందులో తెలుగు కథలు చదివే యాప్ ఒకటి ముందే ఉంది. అత్తాకోడళ్ల సీరియళ్లు, ప్రేమకథలు కొన్నాళ్లు చదివింది. ఒకరోజు వేలు తగిలి నల్ల అట్ట ఉన్న నవల ఒకటి తెరుచుకుంది. పేరు ‘పాతాళ కాపరి’. రాసినవారు ‘నిశాంత’. ప్రభావతికి దయ్యాల కథలంటే భయం. మూసేద్దామనుకుంటూనే మొదటి భాగం చదివేసింది.

ఆ కథలో సూర్యుడు చచ్చిపోయిన లోకం ఒకటి ఉంది. పోయినవాళ్లంతా భూమి కింద ఒక పట్టణంలో ముఖాలు లేకుండా తిరుగుతుంటారు. వాళ్ల ముఖాలు పీకి తగిలించుకున్న మృగాలు ఆ పట్టణానికి కావలి కాస్తాయి. గొర్రెలు కాసే ఒంటికన్ను కాపరి ఒకడు తన మందనంతా కొండ మీద వదిలేసి, తప్పిపోయిన తామారు అనే పిల్ల కోసం అందులోకి దిగుతాడు. అతని రెండు అరచేతుల్లోనూ మానని గాయాలున్నాయి. ఆ గాయాల్లోంచి వచ్చే వెలుతురే అతనికి దీపం. ఆ చేతులు ఎవరివో ప్రభావతికి వెంటనే తెలిసింది. బస్టాండుకు పోయే దారిలో చర్చి గోడ మీద ఆ బొమ్మ ఆమె రోజూ చూసేదే.

కొత్త భాగం ప్రతి శనివారం సాయంత్రం వచ్చేది. శనివారం ఆమెకు వెంకటేశ్వరస్వామి ఒక్కపొద్దు. అంగట్లో దీపం పెట్టి, ఇంటికొచ్చి ఉప్మా తిని, గది తలుపు దగ్గరగా వేసుకుని కాపరితో పాటు పాతాళంలోకి దిగేది. ఈ రెండింటికీ పేచీ ఉందని ఆమెకు తోచలేదు.

నవల కింద చదివినవాళ్లు తమ మాటలు రాసేవారు. అవి చదవడం ఆమెకు నవలంత ఇష్టమైంది. కోయిలకుంట్ల రైతు ఫణీంద్ర శనగకు మందు కొట్టి వచ్చి, చేతులు కడుక్కుని చదువుతున్నానని రాసేవాడు. అతనికి యుద్ధాలు కావాలి, మృగాలను కాపరి కత్తితో నరకాలి. సిరి అనే కాలేజీ పిల్ల ప్రతి భాగానికీ భయమేసి నిద్ర పట్టలేదని రాసి, వచ్చేవారం అందరికంటే ముందు ఉండేది. ఒకాయన ఇది కథ కాదు, మతప్రచారం అని ప్రతివారం అదే వాక్యం పెట్టేవాడు. ఇంకొకామె, ఇన్ని దయ్యాలున్న పుస్తకం విశ్వాసులు ముట్టుకోకూడదని హెచ్చరించేది. వాళ్లిద్దరూ ఒకరికొకరు జవాబులు రాసుకుంటూ ఎక్కడికో పోయేవారు. ప్రభావతి అన్నీ చదివేది. తాను ఏమీ రాసేది కాదు.

ఒక శనివారం మాత్రం ఉండబట్టలేక రాసింది. మీరు ఎప్పుడూ కటిక చీకటి అనే రాస్తున్నారు, చీకటంతా ఒకటి కాదు, మా అంగట్లో నల్లగుడ్డే ఐదారు రకాలుంది, ఒకటి నీలానికి పోతుంది, ఒకటి ఎరుపుకు పోతుంది, పాతదైతే పచ్చగా తిరుగుతుంది, పాతాళంలో కూడా పాత చీకటి, కొత్త చీకటి వేరుగా ఉంటాయేమో చూడండి అని. రాశాక సిగ్గేసి తీసేద్దామనుకుంది. ఎలా తీయాలో తెలియలేదు.

తర్వాతి భాగంలో కాపరి పట్టణంలో ఒక వీధి దాటుతూ, ఇక్కడి చీకటి పాతది, ఎవరో చాలా కాలం కట్టుకుని విడిచినట్టు పచ్చగా తిరిగింది అనుకుంటాడు. ప్రభావతి ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదువుకుంది. కింద నిశాంత ఆమెకు జవాబు కూడా పెట్టింది, మీరు చెప్పిన తర్వాతే నాకు ఆ వీధి కనబడింది అని. మరునాడు అంగట్లో ఒకామె ఏందీ ప్రభావతమ్మా, ఈరోజు కళగా ఉండావే అని అడిగితే, ఏమీ లేదని తల దించుకుని గుడ్డ కత్తిరించింది. చెప్పడానికి ఎవరూ లేరు. వదినకు చెబుదామని వంటింటి దాకా పోయింది. నిర్మల ఫోనులో తమ్ముడితో మాట్లాడుతూ ఏంది అన్నట్టు కనుబొమలెత్తింది. మంచినీళ్లు తాగి వచ్చేసింది.

సంక్రాంతి దాటాక కథ చిక్కులో పడింది. కాపరి ఎట్టకేలకు తామారును కనుక్కున్నాడు. అయితే ఆ పిల్ల దారి తప్పి పోయింది కాదు. తనంతట తానే వచ్చి, ఇతరుల ముఖాలు మృగాలకు ఒప్పజెప్పే పనిలో ఉంది. నేను రాను, నన్ను ఎత్తుకుపోయే హక్కు నీకు లేదు అంటుంది. అక్కడ ఆ భాగం ముగిసింది. తర్వాతి శనివారం కొత్త భాగం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. పాఠకులు గోల పెట్టారు. చంపెయ్యాలని కొందరు, భుజాన వేసుకుని తెచ్చెయ్యాలని కొందరు. ఆఖరికి నిశాంత ఒక మాట పెట్టింది. తన అసలు పేరు దెబోరా అనీ, నంద్యాలలో నర్సుగా పనిచేస్తున్నాననీ, ముగింపు తోచడం లేదనీ, చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం సంజీవనగర్ దగ్గర ఫలానా బేకరీకి వస్తే మాట్లాడుకుందామనీ. ఫణీంద్ర వస్తానన్నాడు. సిరి వస్తానంది. బండి ఆత్మకూరు నుంచి ఇద్దరు వస్తామన్నారు. ప్రభావతి ఏమీ రాయలేదు.

ఇంట్లో మహానందికి పోతున్నానని చెప్పి బస్సెక్కింది. జీవితంలో ఆమె చెప్పిన అబద్ధాలు తక్కువ. శిరివెళ్ల దాటేదాకా ఎవరైనా చూస్తారేమోనని కొంగు తల మీదికి లాక్కునే కూర్చుంది.

బేకరీలో మూల బల్ల దగ్గర ముప్పై ఏళ్ల పిల్ల ఒకతె, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచెప్పులతో కూర్చుని తలుపు వైపే చూస్తోంది. ముందు నాలుగు ఖాళీ కుర్చీలు జరిపి పెట్టుకుంది. ప్రభావతి దగ్గరికి పోయి, నల్లగుడ్డ సంగతి రాసింది నేనేనమ్మా అంది. దెబోరా గబుక్కున లేచి నిలబడింది.

ఇద్దరూ టీ చెప్పుకుని మిగతావాళ్ల కోసం చూశారు. టీ తాగేశారు. ఇంకొకటి చెప్పుకున్నారు. ఫణీంద్రకు బండి చెడిపోయిందని ఫోనులో మాట వచ్చింది. సిరి దగ్గర్నుంచి గానీ, బండి ఆత్మకూరు వాళ్ల దగ్గర్నుంచి గానీ ఏమీ రాలేదు. దెబోరా ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటే పక్క బల్లకు జరిపేసింది.

మాటల్లో తన సంగతి చెప్పింది. తండ్రి జకరయ్య రిటైరైన టీచరు, తాము పోయే చర్చిలో పెద్ద. తల్లి లేదు. ఈ నవల సంగతి తండ్రికి తెలియకుండా దాచింది. చర్చిలో ఎవరో చూపించారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వచ్చినంతవరకు మొత్తం చదివి, సాతానుకు అన్ని మాటలు రాసినావు, దేవునికి రెండే మాటలు రాసినావు అన్నాడట. కోప్పడలేదు. ఆ తర్వాత కూతురితో భోజనం దగ్గర కూడా మాట్లాడటం తగ్గించాడు.

“ఆ తామారు ఎట్ల రాసినా రానంటాందక్కా,” అంది దెబోరా. “మోసుకొని వస్తే అది అబద్ధం అయితాది. వదిలేసి వస్తే ఆయన కాపరే కాదు. నాకేం తోచల్లేదు.”

ప్రభావతి గ్లాసు అంచు వేలితో తుడిచింది. ఎవరికీ చెప్పని మాట ఈ పిల్లకు ఎందుకు చెప్పాలనిపించిందో ఆమెకే తెలియదు.

“మాయమ్మ ఆఖర్లో నన్ను గుర్తుపట్టలేదు,” అంది. “నువ్వెవరు, నా ఇంట్లో ఏం చేస్తాండావ్, పో అనేది. గోడ పక్కకు తిరుక్కొని పండుకునేది. గుర్తే లేనప్పుడు ఆడ కూచొని ఏం లాభమని అందరూ అనిరి.”

“మరి మీరేం చేసినారు?”

“కూచున్నా. నీ కాపరిని గూడా కూచోమను. తేవద్దు, వదిలేసి రావద్దు. ఆ యమ్మి పక్కన ఆడ్నే కూచోమను.”

దెబోరా ఖాళీ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా, తమవాళ్లు శుక్రవారం గురించి చెబుతారనీ, ఆయన్ను సిలువ వేసిన రోజు అదనీ, ఆదివారం గురించి చెబుతారనీ, లేచిన రోజు అదనీ, నడుమ శనివారం మాత్రం ఆయన చచ్చినవాళ్ల మధ్య ఏం చేశాడో ఎవరూ చెప్పరనీ అంది. చిన్నప్పట్నుంచీ తనకు ఆ శనివారం మీదే దిగులట. ఆ దిగులుతోనే ఇదంతా మొదలుపెట్టిందట. ప్రభావతికి అందులో సగమే అర్థమైంది. అయినా ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసింది. బస్టాండు దాకా దెబోరా వచ్చి ఎక్కించింది. తిరుగు దారిలో ప్రభావతి కొంగు తల మీదికి లాక్కోవడం మరిచిపోయింది.

ముగింపు భాగం ఆ తర్వాతి శనివారమే వచ్చింది. కాపరి తామారు పక్కన నేల మీద కూర్చుంటాడు. మృగాలు వచ్చి చూసి పోతాయి. పైన కొండ మీద మంద అరుస్తుంటుంది. ఆ పిల్ల అతని వైపు చూడదు. అతను లేవడు. అతని చేతుల వెలుతురు ఆ గోడ మీద పడుతుంటుంది. అంతే. చివర ఒక వాక్యం ఉంది: ఈ ముగింపు ఆళ్లగడ్డ ప్రభావతక్క చెప్పింది.

పాఠకులు మండిపడ్డారు. ఇన్ని వారాలు చదివించి ఆఖరికి కూచోబెట్టినావా అని ఫణీంద్ర రాశాడు. దీనికి కొనసాగింపు ఎప్పుడని సిరి అడిగింది. మతప్రచారం అనే ఆయన, చూశారా మన ఊళ్ల ఆడవాళ్లను ఎలా కలుపుకుంటున్నారో అని ప్రభావతి పేరు ఎత్తి రాశాడు. విశ్వాసులకు హెచ్చరికలు పెట్టే ఆమె, విగ్రహాలు పూజించేవాళ్లు మన కాపరికి ముగింపు చెప్పడమేమిటని అడిగింది. మొదటిసారి వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఎవరో ఊరూ పేరూ లేని మనిషి మాత్రం, మా నాయన ఆస్పత్రిలో ఉన్నాడు, ఇది చదివి ఆయన దగ్గరికి పోతున్నా అని ఒక్క ముక్క రాశాడు. ప్రభావతి అదొక్కటే చాలాసార్లు చదివింది.

సంగతి ఇంటికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. నిర్మల వైపు బంధువు ఎవరో ఆ పేజీని, ఆదివారం బేకరీకి రమ్మన్న మాటనూ ఫోటో తీసి పంపారు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ శ్రీనివాసులు లోపలికి వచ్చి తానుల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అన్న అలా ఆమె ఎదురుగా కూర్చుని చాలా కాలమైంది.

“చర్చికి పోతాండావా ప్రభా?”

“లేదన్నా.”

“మహానంది అని చెప్పి ఆ యమ్మి కాడికి పోయినావంట గదా?”

“పోయినా. కత రాసేయమ్మి. కత గురించే మాట్లాడినాం.”

అంత మాట్లాడేది ఏముంది ఆ కథలో అని అడిగాడు. అడిగాడు కదా అని ఆమె చెప్పింది. సూర్యుడు చచ్చిన లోకం దగ్గర్నుంచి మొదలుపెట్టి, పట్టణం, మృగాలు, కాపరి చేతులు, అన్నీ వరుసగా చెప్పింది. జీవితంలో అన్నతో అంతసేపు ఎన్నడూ మాట్లాడలేదు. అతను అడ్డం రాకుండా విన్నాడు. రాననే పిల్ల పక్కన కాపరి కూర్చోవడం దగ్గరికి వచ్చేసరికి అతని ముఖం మారింది. తల్లి మంచాన ఉన్నన్నాళ్లూ అతను గుమ్మంలో నిలబడి పలకరించి పోయేవాడు. ఆ వాసన పడదని గది లోపలికి వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎన్నడూ పైకి మాట్లాడుకోలేదు.

“అమ్మ కాడ నేను కూచోలేదని ఊరందరికీ చెప్తాండావా?” అన్నాడు.

“నీ గురించి కాదన్నా. నా గురించి చెప్పినా.”

అతను స్టూలు మీదినుంచి లేచి, కొలబద్ద తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టి, ముందరికి పోయి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. పేరు తీసేయించమని గానీ, ఫోను ఇచ్చేయమని గానీ అనలేదు. అంటే బాగుండేదని తర్వాత ఆమెకు చాలాసార్లు అనిపించింది. అప్పటినుంచి అతను చెల్లెలితో జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెట్టాడు, పరాయి ఇంటి ఆడపిల్లతో మాట్లాడినట్టు. టీ వస్తే ముందు ఆమెకు పంపేవాడు. ఏ తాను ఎంత ఉంది అని తప్ప వేరే మాట అడిగేవాడు కాదు. నిర్మల కూడా ఎందుకోగానీ ఆమె ముందు ఫోను పక్కన పెట్టేసేది. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు.

దెబోరా అప్పుడప్పుడు ఫోను చేసేది. ఒకరోజు చేసి, నవల తీసేశానక్కా అంది. తండ్రి ముగింపు చదివాడట. ఇది కత కాదు, నీ ప్రార్థన, ప్రార్థనను నలుగురి నోళ్లలో పెట్టకూడదు అన్నాడట. తీసేయమని ఆయన చెప్పలేదు. ఆ మాట విన్నాక తనకే ఉంచాలనిపించలేదట. ప్రభావతి సరేలేమ్మా అని పెట్టేసి, యాప్ తెరిచి చూసింది. ఈ రచన అందుబాటులో లేదు అని వచ్చింది. నవలతో పాటు కింద రాసినవన్నీ పోయాయి. శనగ రైతు, నిద్రపట్టని పిల్ల, పోట్లాడుకునే ఇద్దరు, ఆస్పత్రిలో నాయన ఉన్న మనిషి, నల్లగుడ్డ మాట, అన్నీ. తిట్టినవాళ్లు కూడా లేకపోయేసరికి గది మరీ నిశ్శబ్దమైపోయింది. శనివారాలు ఒక్కపొద్దు ఉండి తొందరగా పడుకోవడం అలవాటు చేసుకుంది.

ఎండాకాలం చివర్లో దెబోరాకు బెంగుళూరులో పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. పోయేరోజు చెప్పింది. ప్రభావతి ఈసారి ఇంట్లో నంద్యాలకే పోతున్నానని చెప్పి బయల్దేరింది. అన్న తలూపాడు. స్టేషనుకు చేరేసరికి రైలు వచ్చేసి ఉంది. దెబోరా తలుపు దగ్గర నిలబడి చెయ్యి పట్టుకుంది. కొత్తది ఏమన్నా రాస్తాండావా అని ప్రభావతి అడిగింది. ఇంకా లేదక్కా అంది ఆ పిల్ల. అంతలోనే రైలు కదిలింది.

ప్లాట్‌ఫారం మీద తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు రైలు పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. జనం పల్చబడ్డాక ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఆళ్లగడ్డ నుంచి వచ్చిన అమ్మ మీరేనా?”

అవునంది. తాను జకరయ్యనని చెప్పుకున్నాడు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“మీరు చెప్పిన ముగింపు నాకు ఒప్పుదల కాలేదమ్మా,” అన్నాడు. మాటలో కటువు లేదు. “ఆయన లేచినాడు. మాకు అదే ముఖ్యం. కూచోబెట్టి వదిలేసింది మా యమ్మాయి.”

“నాకు మీ సంగతులు తెలీవు సార్,” అంది ప్రభావతి. “ఆ పిల్ల లేచినప్పుడు లేస్తాడులే అనుకున్యా నేను.”

“అట్ల రాయలేదే?”

“రాయలేదు.”

ఆయన ఒకసారి పట్టాల వైపు తిరిగి చూశాడు. స్టేషను బయట ఆమెకు ఆటో మాట్లాడి పెట్టి, బస్టాండులో దింపమని డ్రైవరుకు రెండుసార్లు చెప్పాడు. ఆటో తిరుగుతుంటే చూసింది. ఆయన ఇంటివైపు పోలేదు. గేటు పక్కన బెంచీ మీద కూర్చుంటున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నంద్యాల దాటాక ఫోనుకు మెసేజి వచ్చింది. సీటు సరిగానే ఉంది, నాయన ఇంటికి పోయినాడా అని దెబోరా అడిగింది. ప్రభావతి చాలా పొడుగ్గా రాయడం మొదలుపెట్టింది. మీ నాయన నాతో మాట్లాడినాడని రాసింది, ఇంట్లో తనతో ఎవరూ పోట్లాడటం లేదని రాసింది, శనివారాలు ఏం చేయాలో తోచడం లేదని రాసింది. మళ్లీ చదువుకుని అంతా చెరిపేసి, పోయినాడు, నువ్వు వేళకు తిను అని పంపింది. అవతల చదివినట్టు రెండు గీతలు నీలంగా మారాయి. జవాబు రాలేదు. బహుశా అక్కడ సిగ్నలు లేదేమో. శిరివెళ్లలో జనం ఎక్కారు. ఎవరో పిల్లను ఎత్తుకున్న ఆమె పక్కన కూర్చుని, ఆళ్లగడ్డేనా అక్కా అని అడిగింది. ఆళ్లగడ్డే అని ఇంకొంచెం జరిగి చోటిచ్చింది.